సున్న రేఖ ఎవరిది?

గడచిన మాఘమాసంలో మన ప్లాంటు ఫిట్టరు ఒకరు తన తండ్రిగారిని వెంటబెట్టుకొని మా క్వార్టరుకు వచ్చినారు. ఆ పెద్దాయన వరంగల్లు ప్రాంతం నుండి చిన్నతనంలోనే సూరతు చేరి, నలభై ఏండ్లు లింబాయతులో సాంచెలు నడిపి, ఇప్పుడు అక్కడే రెండు గదుల సొంత ఇల్లు కట్టుకొన్నవారు. గృహప్రవేశానికి ముహూర్తం ఊరి అయ్యగారే పెట్టి పంపినారు: ఉదయం 7 గంటల 52 నిమిషాలకు మీన లగ్నం. ఇక్కడి తెలుగు పురోహితుడు ఆ కాగితం చూచి, అప్పటికి సూరతులో ఇంకా కుంభ లగ్నమే నడుస్తుంటుందనీ, 27 నిమిషాలు ఆగవలెననీ అన్నాడట. దానితో ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడినవి. తమ అయ్యగారు పెట్టిన గడియను పరాయి ఊరిలో ఎవరో దిద్దుట ఏమిటని పెద్దాయన అన్నగారు ఊరినుండి ఫోనులో కోపగించుకొన్నారు. పెద్దాయనకు మాత్రం కోపం లేదు, సందేహం ఉన్నది.

“సార్, ఇల్లు సూరత్‌ల ఉన్నది. లగ్నం వరంగల్‌ది ఎట్లయితది? కానీ గడియారం జూస్తే రెండు ఊర్లల్ల ఒక్కటే టైము. మరి ఈ ఇర్వై ఏడు నిమిషాలు యాడికెళ్లి వచ్చినయి?”

ఈ ప్రశ్నకు లెక్క చెప్పుట సులభం. భూమి 24 గంటలలో 360 అంశలు తిరుగుతుంది. అంటే ఒక్కొక్క అంశకు 4 నిమిషాలు. వరంగల్లు రేఖాంశం సుమారు 79 అంశల 36 కళలు, సూరతు 72 అంశల 50 కళలు. తేడా 6 అంశల 46 కళలు. నాలుగుతో గుణిస్తే 27 నిమిషాలు. పురోహితుని మాట నిజమే. అయితే పెద్దాయన అడిగినదానిలో రెండవ ప్రశ్న ఒకటి దాగి ఉన్నది. ఆకాశంలో రెండు ఊళ్లకు రెండు కాలాలున్నప్పుడు గడియారంలో ఒకటే కాలం ఎందుకున్నది? ఆ ఒకటి ఏ ఊరిది? ఈ నెల మా శీర్షికను దానికే కేటాయించుచున్నాము.

మన గడియారాలు తిరిగేది 82 అంశల 30 కళల తూర్పు రేఖాంశం మీది కాలంతో. ఆ రేఖ కాకినాడ మీదుగా పోతుందని మాకు బడిలో చెప్పినారు. మా స్వస్థలం కాకినాడ, చదువుకొన్నదీ అక్కడి ఇంజనీరింగు కళాశాలలోనే కనుక ఆ విషయంలో మాకు కొంత గర్వం కూడా ఉండేది. తరువాత పటం పరచి చూచినప్పుడు ఆ రేఖ కాకినాడను తాకక, తూర్పున పాతిక కిలోమీటర్లకు పైగా దూరంలో సముద్రంలో పోవుచున్నట్లు తెలిసినది. ఉత్తరానికి సాగి ఉప్పాడ దాటిన పిమ్మట, తుని వైపు తీరంలో అది నేల ఎక్కుతుంది. ఆపైన ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూరు పక్కగా పోతుంది. సూరతు ఆ రేఖకు దాదాపు 39 నిమిషాల కాలమంత పడమర ఉన్నది. జనవరి మధ్యలో కాకినాడలో ఆరున్నర దాటగానే సూర్యుడు కనబడితే ఇక్కడ ఏడూ ఇరవై అవుతుంది. చీకటిలో పిల్లలను బడి బస్సు ఎక్కించే మన తల్లులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఉత్తర దక్షిణాల కొలతకు సున్న ఎక్కడో ప్రకృతే నిర్ణయించినది. భూమి తిరిగే ఇరుసుకు రెండు కొనలున్నవి; వాటి నడుమ సమదూరంలో ఉన్న వలయమే సున్న. తూర్పు పడమరల కొలతకు అటువంటి ఆధారం లేదు. ఏ ఊరి మీది గీతనైనా సున్న అనవచ్చును. ఒకసారి అన్నాక అందరూ దానినే పట్టుకొని కొలవవలెను. ఇంజనీర్లకు ఇది నిత్యానుభవం. ఉద్యోగపు తొలిరోజులలో ఒక నిర్మాణస్థలంలో మాకు రెండు డ్రాయింగులు ఇచ్చినారు. సివిలు వారి సున్న సముద్రమట్టం. పంపులు పంపిన వారి సున్న షెడ్డు నేలమట్టం. రెండింటి మీదా ‘లెవెలు’ అనే ఉన్నది. ఆ తేడా గమనించక కట్టించిన దిమ్మె అరజానెడు ఎత్తు లేచినది. కొట్టి దించడానికి మూడు రోజులు పట్టినది. తప్పు లెక్కలో లేదు, ఎవరి సున్న ఏదో అడగకపోవుటలో ఉన్నది. ఆ తప్పు మాదే.

మన పూర్వులు సున్న రేఖగా ఉజ్జయినిని ఎన్నుకొన్నారు. సూర్యసిద్ధాంతం చెప్పిన ఆ గీత భూమి నడిమి వలయం మీద ఉన్నట్లు భావించిన లంక నుండి బయలుదేరి, అవంతి, రోహీతకం, కురుక్షేత్ర ప్రాంతాలను తాకుచు మేరువు దాకా పోతుంది. అవంతి అంటే ఉజ్జయినియే. 1150లో సిద్ధాంత శిరోమణి రచించిన భాస్కరాచార్యుడు ఈ గీతనే భూమికి మధ్యరేఖ అన్నాడు. నేడు మన పిల్లల పాఠ్యపుస్తకాలలో భూమధ్యరేఖ అంటే అడ్డుగా పోయే గీత. దానిని పూర్వులు నిరక్షమనేవారు. నిలువు గీత పేరు అడ్డు గీతకు ఎలా దక్కినదో ఆలోచించదగిన విషయమే. కాని ఉజ్జయిని గొప్ప అందులో లేదు. ఉజ్జయినికి లెక్క కట్టి ఆగమని మన సిద్ధాంతకర్తలెవరూ చెప్పలేదు. నీవున్న చోటు రేఖకు తూర్పా పడమరా, ఎంత దూరమో చూచి, ఆ మేరకు కాలాన్ని సవరించుకొనుమన్నారు. దానికి దేశాంతర సంస్కారమని పేరు. ఉజ్జయిని లెక్క మొదలుపెట్టే చోటు మాత్రమే. పూజ జరిగేది ఎవరి సూర్యోదయానికి వారికే.

ఈ గీత అరబ్బుల గ్రంథాలలోకి కూడా పోయినది. వారు ఉజ్జయినిని ఉజైన్ అని వ్రాసినారు. వారి లిపిలో ‘జ’కూ ‘ర’కూ ఒక చుక్కే తేడా. ఆ చుక్క రాలిపోయి అది ‘అరీన్’ అయినది. లాటిన్ అనువాదాలతో ఐరోపాకు చేరి, అక్కడి పండితులు మనుష్యులుండే లోకానికి నట్టనడుమ అరీన్ అనే శిఖరం ఉన్నదని శతాబ్దాల తరబడి నమ్మినారు. అది మాళవదేశంలో క్షిప్రానది ఒడ్డున ఉన్న ఊరని వారికి తెలియదు. హజీరా నుండి జగదీశ్‌పూరు పోయే గ్యాసు పైపులైను మధ్యప్రదేశ్ గుండా పోవుచు ఆ గీతను ఎక్కడో ఒకచోట దాటవలసినదే. పైపులైను దూరాలకు సున్న మాత్రం మన హజీరాలోనే.

ఐరోపాలో నావికుల రాజ్యాలు బలపడిన కొద్దీ సున్నలు కూడ పెరిగినవి. టాలెమీ నాటినుండి లోకానికి పడమటి అంచుగా ఎంచిన కానరీ ద్వీపాలలోని ఫెర్రో మీది గీతను 1634లో ఫ్రాన్సు రాజు పదమూడవ లూయీ సున్నగా శాసించినాడు. 1667లో పారిస్ వేధశాల, 1675లో గ్రీనిచ్ వేధశాల ఏర్పడినవి. ఆపైన ఎవరి పటానికి వారి రాజధానియే సున్న. అమెరికా సైతం 1850లో చట్టం చేసి ఖగోళ గణితానికి వాషింగ్టన్‌ను, ఓడలకు గ్రీనిచ్‌ను నిలుపుకొన్నది. అప్పులవాడికి ఒక ఖాతా, చుట్టాలకు ఒక ఖాతా అన్నట్లు. నేటి కొలతతో మన సూరతును ఈ సున్నల నుండి లెక్కించి చూడండి. ఫెర్రోకు 90 అంశలన్నర తూర్పు, పారిస్‌కు 70 అంశలన్నర తూర్పు, గ్రీనిచ్‌కు 72 అంశల 50 కళల తూర్పు, ఉజ్జయినికి మూడంశలకు కొంచెం తక్కువ పడమర. తాపీనది మాత్రం కదలలేదు.

ఇంకొక సున్న ఉన్నది. అది మనకు ఎక్కువ దగ్గర. 1792లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంగంబాకంలో వేధశాల భవనం కట్టించినది. మైకేల్ టాపింగ్ దాని రూపకర్త. పరికరం కదలకుండ నిలుపుటకు అక్కడ పద్దెనిమిది అడుగుల నల్లరాతి కంబం ఒకటి పాతినారు. ఆసియాలో గణితశాస్త్రాలను తామే నాటినామని రాబోయే తరాలకు తెలియుటకై ఆ కంబం మీద చెక్కించినారు. శాసనంలోని భాషలలో తమిళంతోపాటు మన తెలుగు కూడ ఉన్నది. ఆర్యభటుడు పుట్టిన దేశంలో అటువంటి మాట చెక్కించుటకు గుండె ధైర్యం ఉండవలెను! కంబం నేటికీ వాతావరణ శాఖ ఆవరణలో ఉన్నది.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంటు వద్ద గొలుసుతో నేల కొలిచి త్రికోణమితి సర్వే ప్రారంభించినప్పుడు రేఖాంశాలకు ఆధారం ఈ వేధశాలే అయినది. ఆ త్రికోణాలు ఒకదానినొకటి పట్టుకొని నిజాము రాజ్యం గుండా ఉత్తరానికి సాగినవి. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరం పాలైన జార్జి ఎవరెస్టు, కోలుకొనుటకు దక్షిణాఫ్రికాలోని కేప్‌కు పోవలసి వచ్చినది. వరంగల్లు కాని, సూరతు కాని, ఆ నాటి సర్వే పటంలో ఎక్కడ ఉన్నదో చెప్పవలెనంటే, చివరికి తెలుగక్షరాలు చెక్కిన ఆ రాతి కంబం దాకా పోవలసిందే. విశేషమేమనగా ఆ కంబం గ్రీనిచ్‌కు ఎంత దూరమన్నదే తప్పుగా ఉండినది. గురుగ్రహపు ఉపగ్రహాల గ్రహణాలు చూచి మొదట కట్టిన విలువలు ఎక్కువగా తేలినవి. తంతి సంకేతాలతో సరిచూచి, 19వ శతాబ్దం చివరలో 80 అంశల 14 కళల 47 వికళలుగా స్థిరపరచినారు. సర్వే వారు అంతవరకు వాడిన విలువ దానికన్న రెండున్నర కళలకు పైగా ఎక్కువ. అనగా పాత సర్వే పటాలలో దేశమంతా కలిసికట్టుగా నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగి ఉన్నది. ఊళ్ల మధ్య దూరాలు తప్పలేదు కనుక ఎవరికీ నష్టం కలుగలేదు.

ఇక్కడ ఒక రోజును ప్రత్యేకించి చెప్పక తప్పదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా పోయినది. ఫ్రాన్సు నుండి వచ్చిన జూల్స్ జాన్సెన్ గుంటూరులో దుర్భిణి నిలిపినాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే వేధశాలలో సహాయకుడైన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నాడు. ఆనాడు సూర్యుని అంచు వెలుగులో పట్టుబడిన పసుపు గీతయే తరువాత హీలియం అని తేలినది. ఆ కథ అందరికీ తెలిసినదే. మా దృష్టి ఆ ముగ్గురి మీద ఉన్నది. పాగ్సన్ గడియారం కంపెనీ సున్నతో కొలిచినది. రఘునాథాచారి పగలు ఆ గడియారానికే కొలువు చేయుచు, మన పంచాంగాలలోని గ్రహస్థానాలు ఆకాశంతో సరిపడటం లేదని గ్రహించి, దృగ్గణిత పద్ధతిలో పంచాంగాన్ని సంస్కరించుటకు పూనుకొన్నాడు. పండితులలో చాలామంది ఆయనను మెచ్చలేదు. మూడవవాడు జాన్సెన్, ఆయన మరల మన కథలోకి వచ్చుట పదహారేండ్ల తరువాత.

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సున్న రేఖ తేల్చుటకు సమావేశమైనారు. భారతీయుడెవరూ లేడు, ఇండియా కౌన్సిలు సభ్యుడైన జనరల్ రిచర్డ్ స్ట్రాచీ బ్రిటిషు బృందంలో కూర్చున్నాడు. ఫ్రాన్సు తరఫున లేచినవాడు మన గుంటూరు జాన్సెన్. సున్న రేఖ ఏ దేశానిదీ కారాదు, పెద్ద ఖండాలను కోయని తటస్థ రేఖ కావలెనని ఆయన వాదం. మేము చదివినంతలో ఆ సభలో అంతకన్న న్యాయమైన మాట మరొకటి కనబడలేదు. పారిస్‌కు ఎలాగూ దక్కదు కనుక ఆ మాట పుట్టినదనేవారూ ఉన్నారు; అదీ కొట్టివేయలేము. ఎదుటి వాదం అంకెలది: లోకంలోని ఓడల బరువులో నూటికి 72 పాళ్లు అప్పటికే గ్రీనిచ్ పటాలతో నడుస్తున్నవి. పటాలు మార్చే ఖర్చు ఎవరు భరించుట? 22 దేశాలు గ్రీనిచ్‌కు ఓటు వేసినవి. శాన్ డొమింగో ఒక్కటే కాదన్నది. ఫ్రాన్సు, బ్రెజిల్ తటస్థంగా ఉన్నవి. ఫ్రాన్సు 1911 దాకా పట్టు విడువలేదు. విడిచినప్పుడు సైతం తన చట్టంలో గ్రీనిచ్ పేరు ఎత్తక, పారిస్ కాలం నుండి 9 నిమిషాల 21 సెకన్లు తగ్గించవలెనని వ్రాసుకొన్నది. ఇంట్లో పెద్దలు అలిగి, అన్నం తింటాను గాని పిలిచినందుకు కాదు అన్నట్లు!

మన దేశంలో అలక మరొక విధం. రైళ్లు 1870ల నుండి మద్రాసు కాలంతో నడిచినవి. బొంబాయి, సూరతు ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నవి. రెండింటి సూర్యునికీ మద్రాసు కాలానికీ అరగంట తేడా. 1906 జనవరి 1 నుండి ప్రభుత్వం గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందుండే ప్రామాణిక కాలం తెచ్చినది. మద్రాసుకు మార్పు తొమ్మిది నిమిషాలే. బొంబాయికి 39 నిమిషాలు. మిల్లు కార్మికులు ఎదురు తిరిగినారు. నగరపాలక సంస్థ 1950ల వరకు బొంబాయి కాలాన్ని నిలుపుకొన్నది. కలకత్తా 1948 దాకా తన కాలం వదలలేదు. పరాయి ప్రభుత్వం ఇచ్చిన గడియారం అనే అభిమానం అందులో కొంత ఉన్నది. తెల్లవారకముందే మిల్లు కూత పెడతారనే బాధ మరింత ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట మరల ఉజ్జయినికి పోదామా అన్న ప్రశ్న సహజమే. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ముందుకు ముప్పైకి పైగా రకాల పంచాంగాలు వచ్చినవి. సంఘం 1955లో నివేదిక ఇచ్చినది. జాతీయ పంచాంగ గణనకు ఒక కేంద్రస్థానం కావలసి ఉండగా వారు చేసిన ఏర్పాటు మాకు మిక్కిలి ముచ్చట గొలుపుతుంది. రేఖాంశం 82 అంశల 30 కళలు, అంటే మన గడియారానిది. అక్షాంశం 23 అంశల 11 కళలు, అంటే ఉజ్జయినిది. ఆ రెండు గీతలు కలిసే చోట వేధశాల లేదు, గుడి లేదు. 1957 మార్చి 22 నుండి అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగం, తెలుగులో కూడ వెలువడిన రాష్ట్రీయ పంచాంగం, ఆ చోటినుండే లెక్కింపబడినవి. ఉజ్జయిని అభిమానులకు నిలువు గీత పోయినందుకు కినుక ఉండవచ్చును. మాకు మాత్రం ఇది పాతవారి మర్యాద ఎరిగిన ఇంజనీర్ల పనిగా తోస్తుంది.

ఇంతకూ లింబాయతు ఇంటి సంగతి. ఊరి అయ్యగారికే ఫోను చేసి అడుగుడని మేము పెద్దాయనకు చెప్పినాము. మా ముందే చేసినారు. అవతల అయ్యగారు కొంతసేపు మౌనంగా ఉండి, “ఇల్లు సూరతులనా? మీ అన్న వచ్చి అడిగితే ఊర్ల ఇల్లు అనుకొని పెట్టిన. అట్లయితే దేశాంతరం కలుపుకోవాలె గదా బిడ్డా, అక్కడి అయ్యగారు చెప్పిందే ఖాయం చేసుకోండ్రి” అన్నారు. అన్నగారి అలక ఆ మాటతోనే తీరినది. 8 గంటల 19 నిమిషాలకు పాలు పొంగినవి. ఆ రోజు జనరలు షిఫ్టుకు ఆలస్యమైన ఫిట్టరుకు అరపూట సెలవు మేమే వ్రాయించినాము.

ఊరినుండి పంచాంగం తెప్పించుకొనే ఇల్లాండ్ర సౌకర్యార్థం సూరతుకు కలుపవలసిన నిమిషాలు: పంచాంగం హైదరాబాదుదైతే 23, తిరుపతిదైతే 26, విజయవాడదైతే 31, కాకినాడదైతే 38, విశాఖపట్నందైతే 42. సూర్యోదయ సూర్యాస్తమయాలకు, రాహుకాల వర్జ్యాలలో రాహుకాలానికి, లగ్నాలకు మాత్రమే ఇవి కలుపవలెను. సూరతు ఆ ఊళ్లకు ఉత్తరాన ఉన్నందున చలికాలంలో సూర్యోదయానికి మరి కొన్ని నిమిషాలు ఎక్కువ, వేసవిలో కొన్ని తక్కువ పడతవి. తిథి, నక్షత్రం ముగిసే సమయాలకు ఏమీ కలుపరాదు. చంద్రుడు దేశమంతటికీ ఒకే గడియారపు నిమిషంలో తిథి మారుస్తాడు. అయితే ఉదయం 6 గంటల 20 నిమిషాలకు ముగిసే తిథి విజయవాడలో సూర్యోదయానికి ఉండి, సూరతులో సూర్యోదయానికి లేకపోవచ్చును. అటువంటి రోజున పండుగ ఏనాడన్నది చూచుకొనునప్పుడు సూరతు సూర్యోదయాన్నే పట్టుకొనవలెను.